సిలిండర్ మీద 40 నుంచి బ్యాంకుల కటింగ్ దాకా: ఏ ఎక్స్‌ట్రా పైసలు కట్టాలె, ఏవి కట్టొద్దు

తమ్మీ, నువ్వు మిర్యాలగూడ నుంచి రాసింది మొత్తం చదివిన. సిలిండర్ తెచ్చినాయన బిల్లు మీద 40 ఎక్కువ అడుగుతుండు, హైవే హోటల్ల సర్వీస్ ఛార్జ్ ఏసిండ్రు, బస్టాండ్ల నీళ్ల బాటిల్‌కు రెండు రూపాయలు ఎక్కువ, బ్యాంకుల అడగకుండనే 436 కట్ అయినయి, కరెంట్ బిల్లుల ఏవేవో లైన్లు ఉన్నయి, ఇవన్ని కట్టాల్నా, కట్టకపోతే ఏమైతది, ఎవలకు చెప్పుకోవాలె అని అడిగినవు. నేను బ్యాంకుల పనిచేసి రిటైర్ అయిన, ఇప్పుడు నల్లగొండల వినియోగదారుల కంప్లైంట్లు రాసుకోవడం రానోళ్లకు రాసిస్తుంట, నాకాడికొచ్చే వాటిల్ల సగం ఇసొంటియే, అందుకే జర వివరంగ చెప్త. పెద్దగనే అయితది, ఓపికతోని చదువు.

అన్ని ఛార్జీలు ఒక్క తీరుగ ఉండయి. కొన్ని చట్టమో, కరెంట్ రెగ్యులేటరీ కమిషనో, రిజర్వ్ బ్యాంకో పెట్టినయి ఉంటయి, అవి మనకు నచ్చినా నచ్చకున్నా కట్టాల్సిందే, కొట్లాడితే పైన కొట్లాడాలె గానీ కౌంటర్ల కూసున్న పిలగానితోని కాదు. ఇంకొన్ని దుకాణమాయనో ఏజెన్సీ ఆయనో సొంతంగ పెట్టుకున్నయి. ఈ రెండిట్ల ఏది ఏదో ఎట్ల తెలుస్తది అంటే, నేను అందరికీ చెప్పేది ఒక్కటే, "ఈ పైసలు బిల్లు మీద రాసియ్యి, ఇస్త" అని అడుగు. రాసిస్తే ఆ కాగితం పట్టుకొని అది సరైనదేనా కాదా చూసుకోవచ్చు, తప్పైతే అదే మనకు సాక్ష్యం. రాయను అంటే మాత్రం ఆ పైసలు తీసుకునే హక్కు లేదని ఆయనకు ముందే ఎరుక అన్నట్టు. కిందంగ చెప్పేదంత దీని చుట్టే ఉంటది.

సిలిండర్ సంగతి ముందు చెప్త, ఎందుకంటే ఇది ప్రతి ఇంటి లొల్లి. నీ ఫోన్‌కు మెసేజ్ వస్తది కదా ఇంత అమౌంట్ అని, ఆ రేట్లనే ఇంటి దాకా తెచ్చిచ్చే ఖర్చు కలిసి ఉంటది. కంపెనీ ఏజెన్సీకి ఇచ్చే కమీషన్ రెండు ముక్కలు, ఒకటి ఆఫీసు నడుపుకునే ఖర్చు, రెండోది డెలివరీ ఖర్చు. అంటే డెలివరీ పైసలు మనం ఒకసారి కట్టేసినట్టే, గుమ్మం కాడ అడిగేది రెండోసారి. ఏజెన్సీ పరిధిల ఉన్న ఇంటికి, ఎన్నో అంతస్తు అయినా సరే, గుమ్మం దాక తేవాలె. నువ్వే గోదాం కాడికి పొయ్యి తెచ్చుకుంటే బిల్లుల ఆ డెలివరీ పైసలు తగ్గించాలె, దాన్ని క్యాష్ అండ్ క్యారీ రిబేట్ అంటరు, చాలామందికి ఇది ఉన్నదన్న సంగతే తెల్వదు, గోదాంల నిలబడి తెచ్చుకుంటరు, ఫుల్ రేటు కట్టొస్తరు.

మా గల్లీల ఈ మధ్యనే అయ్యింది చెప్త. ఆటో వచ్చింది, పిలగాడు సిలిండర్ దొర్లించుకుంట గేటు లోపట పెట్టిండు, స్లిప్పు చేతికిచ్చిండు, "అమ్మా, పైన 40 అయితది" అన్నడు. ఆ ఇంటామె స్లిప్పు తిప్పి మళ్లి చూసింది. "ఇండ్ల లేదు కదా బిడ్డా." "డెలివరీది అమ్మా, అందరిస్తుండ్రు." "ఇస్త, నాకేం ఇబ్బంది లేదు, ఇగో ఈ స్లిప్పు మీదనే 40 అని రాసి నీ పేరు రాయి" అని పెన్ను ఇచ్చింది. ఆ పిలగాడు పెన్ను దిక్కు చూసిండు, ఆటో దిక్కు చూసిండు, చిల్లర తీసిచ్చి పోయిండు. లొల్లి లేదు, తిట్టుకునుడు లేదు. గట్ల అడగాలె.

అయితే ఇక్కడ నా మనసుల ఉన్నమాట కూడా చెప్పాలె. ఆ పిలగానికి చాలా ఏజెన్సీలల్ల జీతం సరిగ ఉండదు, సిలిండర్‌కు ఇంత అని ఏదో చేతుల పెడ్తరు, మిగతాది జనం కాడ గుంజుకో అన్నట్టే ఒదిలేస్తరు. తప్పు ఏజెన్సీది. ముసలోళ్ల ఇంట్ల మూడో అంతస్తు దాక మోసుకొచ్చి, రెగ్యులేటర్ పెట్టిచ్చి పొయ్యినోనికి నువ్వు సంతోషంగ ఇరవై ఇస్తే అది నీ ఇష్టం, మంచిదే. కానీ ఇయ్యకపోతే సిలిండర్ తేను, బుకింగ్ క్యాన్సిల్ చేస్త అంటే మాత్రం వెంటనే 1800 2333 555 కు ఫోన్ చెయ్యి, అది గ్యాస్ కంపెనీల టోల్‌ఫ్రీ. కన్స్యూమర్ నెంబరు, డెలివరీ తారీఖు చెప్తే చాలు. ఇంకోటి, గ్యాస్ 14.2 కిలోలు ఉండాలె, ఖాళీ సిలిండర్ బరువు పైన కాలర్ మీద రాసి ఉంటది, రెండు కలిపి తూకం ఏసి చూపించమని అడిగే హక్కు నీకున్నది, తూకం వాళ్ల బండ్లనే ఉండాలె.

ఇగ హోటల్. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా హైవే పొడుగూత పెద్ద పెద్ద ఏసీ హోటళ్లు వచ్చినయి, అండ్ల కొన్నిట్ల బిల్లు కింద సర్వీస్ ఛార్జ్ అని 5 శాతమో 10 శాతమో ఏసి, దాని మీద మళ్ల జీఎస్టీ ఏస్తరు. జనం అది ట్యాక్స్ అనుకొని కట్టి పోతరు. అది ట్యాక్స్ కాదు తమ్మీ, సర్కార్‌కు పోయేది కాదు, హోటలాయన జేబులకు పోయేది. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులై 4న గైడ్‌లైన్స్ ఇచ్చింది, అడగకుండ బిల్లుల సర్వీస్ ఛార్జ్ కలపొద్దు, వేరే పేరు పెట్టి కూడా కలపొద్దు, ఇయ్యకపోతే లోపటికి రానియ్యం అనొద్దు అని. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోయినయి, 2025 మార్చి 28న కోర్టు ఆ గైడ్‌లైన్స్‌నే ఖాయం చేసింది. కాబట్టి "ఇది తీసేసి బిల్లు మళ్ల కొట్టియ్యి" అని మెల్లగ చెప్పు, చాలా కాడ మారుమాట లేకుండ తీసేస్తరు.

జీఎస్టీల కూడా ఒక సంగతి చూస్కోవాలె. మామూలు హోటల్ల తిండి మీద 5 శాతం, అది న్యాయమే. కానీ చిన్న హోటళ్లు, చిన్న దుకాణాలు చాలా వరకు కాంపోజిషన్ స్కీమ్‌ల ఉంటయి, వాళ్లు ట్యాక్స్ సొంత జేబుల నుంచి కట్టాలె, కస్టమర్ కాడ వసూలు చెయ్యొద్దు, బిల్లు మీద కూడా ఆ సంగతి రాసి ఉండాలె. అసొంటి బిల్లు మీద జీఎస్టీ లైన్ కనబడ్డదా, అది కచ్చితంగ తప్పు. అసలు జీఎస్టీ నెంబరే లేని బిల్లు మీద జీఎస్టీ ఏస్తే ఇంక చెప్పేదే లేదు.

నీళ్ల బాటిల్‌కు వద్దాం. ఎమ్మార్పీ అంటే అన్ని ట్యాక్సులు కలిపి అంతకు మించి అమ్మొద్దు అని. ఫ్రిజ్‌ల పెట్టినం, కూలింగ్ ఛార్జ్ అని రెండు రూపాయలు ఎక్కువ తీసుకునుడు తూనికలు కొలతల చట్టం కింద నేరం, ప్యాకేజ్డ్ కమాడిటీస్ రూల్స్ 2011లనే ఉన్నది. బస్టాండ్ స్టాల్, రైల్వే స్టేషన్, కిరాణం, సినిమా హాల్ బయట డబ్బా, అన్నిటికి ఇదే రూలు. ఒకే సరుకుకు ఒక కాడ ఒక ఎమ్మార్పీ ఇంకో కాడ ఇంకో ఎమ్మార్పీ అచ్చేసుడు కూడా 2018 జనవరి నుంచి బంద్ చేసిండ్రు. కాకపోతే ఒక తేడా గుర్తు పెట్టుకో, హోటల్ల టేబుల్ కాడ కూసొని తాగితే మాత్రం ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌ల చెప్పింది, అక్కడ వట్టి సరుకే కాదు కూసోబెట్టుడు, వడ్డించుడు కూడా ఉంటది అని. నాకైతే ఆ తీర్పు నచ్చలేదు గానీ తీర్పు తీర్పే, అక్కడ కొట్లాడితే లాభం లేదు. బస్టాండ్ల మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇయ్యొద్దు. రెండు రూపాయలకు ఏం పంచాయితి అని అందరు ఊకుంటరు, ఆ స్టాల్ కాడ రోజు ఎన్ని బాటిళ్లు పోతయో ఒక్కసారి నిలబడి చూడు.

ఫోన్‌పే గూగుల్‌పే కొడితే ఎక్స్‌ట్రా అడిగే దుకాణాలు కూడా ఉన్నయి. బ్యాంక్ అకౌంట్ నుంచి యూపీఐ కొడితే దుకాణమాయనకు ఎండీఆర్, అంటే పేమెంట్ మీద బ్యాంకులు పట్టుకునే కటింగ్, ఉండదు, 2020 జనవరి 1 నుంచి యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి అది సున్నా. ఆయనకే ఖర్చు లేనప్పుడు నీ కాడ ఏం వసూలు చేస్తడు? క్రెడిట్ కార్డు వేరే, దాని మీద ఆయనకు కటింగ్ పడ్తది, అందుకే 2 శాతం అడుగుతుంటరు, అది కూడా ముందు చెప్పకుండ స్వైప్ చేసినంక అడిగితే ఒప్పుకోవద్దు. ఊర్లల్ల కిరాణం కాడ యూపీఐ కొట్టిచ్చుకొని నగదు ఇచ్చినందుకు వెయ్యికి పదో ఇరవయ్యో తీసుకుంటరు కదా, దాన్ని నేను వీటిల్ల కలపను, ఏటీఎం లేని ఊర్ల ఆయన తన నగదు తీసిస్తుండు, ముందే చెప్పి తీసుకుంటుండు, ఇష్టమైతే తీసుకుంటం లేకుంటే లేదు.

కానీ బ్యాంక్ మిత్ర, అంటే ఊర్ల బ్యాంక్ తరఫున పైసలిచ్చేటాయన కాడ వేలిముద్ర ఏసి పైసలు తీసుకుంటే వంద, రెండొందలు కోసుకునుడు ఉన్నదే, అది మాత్రం పూర్తిగ తప్పు. రిజర్వ్ బ్యాంక్ రూలు స్పష్టంగ ఉన్నది, బ్యాంక్ తరఫున పనిచేసేటోళ్లు కస్టమర్ కాడ నేరుగ ఫీజు తీసుకోవద్దు, వాళ్లకు కమీషన్ బ్యాంకే ఇస్తది. దేవరకొండ దిక్కు తండాలల్ల, నాగర్‌కర్నూల్ అచ్చంపేట దిక్కు ఇది చూస్తే కడుపు మండుతది. ఆసరా పింఛన్ 2016 రూపాయలు. పంచేకాడ చాలా ఊర్లల్ల 2000 చేతుల పెట్టి పంపుతరు, 16 కు చిల్లర లేదంటరు. ముసలమ్మ పొద్దుగాల వచ్చి లైన్ల కూసుంటది, వేలు అరిగిపోయి ముద్ర పడది, తడిగుడ్డతోని తుడిచి మళ్ల పెడ్తరు, నాలుగోసారికో అయిదోసారికో పడ్తది, చేతుల నాలుగు అయిదొందల నోట్లు పెడ్తరు, ఆమె అవే కొంగుల ముడేసుకొని పోతది. 16 గురించి అడిగే ధైర్యం ఆమెకు లేదు, వచ్చే నెల మళ్ల వీళ్ల కాడికే రావాలె కదా. ఏడాదికి 192 రూపాయలు అయితయి ఒక్కొక్కరికి. ఆమెకు అవి ఒక నెల బీపీ గోలీల పైసలు. మీ ఇంట్ల పింఛన్ వచ్చేటోళ్లు ఎవలన్న ఉంటే ఆ రోజు మీరు పక్కన నిలబడుండ్రి, చిల్లర మీరే పట్టుకపొండ్రి, 484 ఇచ్చి ఇంకో 500 నోటు ఇయ్యమనుండ్రి, చిల్లర లేదన్న మాటే రాదు.

నీ 436 సంగతి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, ఏడాదికి ఒకసారి మే నెలాఖరుల కట్ అయితది, జూన్ 1 నుంచి మే 31 దాకా 2 లక్షల జీవిత బీమా. దానితోని పాటే 20 రూపాయలు కట్ అయ్యుంటే అది సురక్ష బీమా, ప్రమాదానికి. నేను బ్యాంకుల పనిచేసినోన్ని కాబట్టి చెప్తున్న, ఈ రెండు స్కీములు మంచియే, అంత తక్కువకు బయట దొరకయి. తప్పు ఎక్కడంటే సంతకం లేకుండ, అడగకుండ ఎక్కించుడు. అకౌంట్ తెరిచేటప్పుడు పది కాగితాల మీద సంతకాలు తీసుకున్నప్పుడు అండ్ల ఇది కూడా ఉండొచ్చు, కాబట్టి ముందుగాల బ్రాంచికి పొయ్యి "నా సమ్మతి పత్రం చూపియ్యి" అని రాసియ్యి. చూపియ్యకపోతే వాపస్ అడుగు. చూపిస్తే, వచ్చే ఏడాది వద్దనుకుంటే ఆటో డెబిట్ బంద్ చెయ్యమని రాసియ్యొచ్చు. ఇంకోటి చూస్కో, రెండు బ్యాంకులల్ల అకౌంట్ ఉంటే రెండిట్ల కట్ అయితుండొచ్చు, క్లెయిమ్ మాత్రం ఒక్కటే వస్తది, రెండో ప్రీమియం పోయినట్టే.

మినిమం బ్యాలెన్స్ గురించి కూడా. స్టేట్ బ్యాంక్ 2020లనే పొదుపు ఖాతాలకు ఇది తీసేసింది, 2025ల కెనరా, పంజాబ్ నేషనల్, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంక్ కూడా తీసేసినయి, ప్రైవేట్ బ్యాంకులల్ల చాలా వరకు ఇంక ఉన్నది. ఉన్న కాడ కూడా, బ్యాలెన్స్ తగ్గిందని ముందు తెలపాలె, నెల టైమ్ ఇయ్యాలె, తక్కువ పడ్డదాన్ని బట్టే ఫైన్ ఏయాలె, ఆ ఫైన్ వల్ల ఖాతా మైనస్‌లకు పోవద్దు. 2015 ఏప్రిల్ నుంచి ఉన్న రూలు ఇది. మైనస్ 800 ఉన్నది, అది కట్టినంకనే ఖాతా బంద్ చేస్తం అని ఎవలన్న అంటే ఆ రూలు చెప్పు. ఏటీఎంల వేరే బ్యాంక్ కార్డు పెడితే మన నల్లగొండ, పాలమూరు కాడ నెలకు 5 సార్లు ఫ్రీ, అదే హైదరాబాద్ పోతే 3 సార్లే, అవి దాటితే 2025 మే 1 నుంచి 23 రూపాయలు ప్లస్ జీఎస్టీ దాకా ఏయొచ్చు. ఇది సక్రమమైనదే, మనమే లెక్క చూస్కోవాలె. మిషన్‌ల పైసలు రాకుండ ఖాతాల కట్ అయితే మాత్రం అయిదు రోజులల్ల తిరిగి రావాలె, దాటితే రోజుకు 100 చొప్పున బ్యాంకే నీకు ఇయ్యాలె, ఇది అడిగి మరీ తీసుకో.

కరెంట్ బిల్లు వేరే కథ, ఇక్కడ లైన్‌మెన్‌తోని కొట్లాడి ఏం లేదు, రేట్లన్ని రెగ్యులేటరీ కమిషనో సర్కారో ఖాయం చేసినయే. ఎనర్జీ ఛార్జీ, కిలోవాట్‌కు 10 రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జ్, కస్టమర్ ఛార్జ్, యూనిట్‌కు 6 పైసల డ్యూటీ, ఇవి అందరికీ పడేవే. అసలు దెబ్బ శ్లాబ్‌ల ఉంటది, అది ఎవలు చూడరు. 200 యూనిట్లు కాలిస్తే మొదటి వంద 3.40, రెండో వంద 4.80, మొత్తం 820. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొదటి 200 యూనిట్లకే 5.10 రేటు పడ్తది, పై యూనిట్‌కు 7.70, మొత్తం 1027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయలు పైన తేడా. గృహజ్యోతి ఉన్న ఇల్లయితే 200 దాకా సున్నా బిల్లు, 201 కి మొత్తం పడ్తది. అందుకే రీడింగ్ తీసే తారీఖు రాసి పెట్టుకో, నెల దాటి ఆలస్యంగ తీసినట్టు అనిపిస్తే బిల్లు మీద తారీఖులు చూసి 1912 కు చెప్పు. ఏసీడీ అని ఒకేసారి పెద్ద అమౌంట్ అడిగితే భయపడకు, అది ఫీజు కాదు డిపాజిట్, నీ పైసలే, ఏడాదికొకసారి దాని మీద వడ్డీ బిల్లుల తగ్గియ్యాలె. తగ్గించిండ్రా లేదా చూసే అలవాటు మనకు లేదు.

యాప్‌ల మీద ఎక్కువ చెప్ప. తిండి యాప్‌లల్ల ప్లాట్‌ఫామ్ ఫీజు 2023ల 2 రూపాయలతోని మొదలైంది, రెండేండ్లల్ల పది దాటింది, అది ముందు చూపిచ్చి తీసుకుంటుండ్రు కాబట్టి ఇష్టం లేకుంటే ఆర్డర్ పెట్టకుండ ఉండుడే. రైల్వే టికెట్ ఆన్‌లైన్ల తీస్తే యూపీఐకి నాన్ ఏసీ 10, ఏసీ 20 కన్వీనియన్స్ ఫీజు, స్టేషన్ కౌంటర్ల తీస్తే అది ఉండదు. కానీ చివరి పేజీ దాకా ఒక రేటు చూపిచ్చి ఆఖరికి ఇంకో రేటు చేసుడు, నువ్వు అడగని ఇన్సూరెన్స్‌కో విరాళానికో ముందే టిక్కు పెట్టుడు, ఇవి అదే వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్‌ల ఇచ్చిన గైడ్‌లైన్స్‌ల నిషేధం. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

ఇంకో రెండు ముచ్చట్లు. పంతంగి, కొర్లపహాడ్, ఇటు రాయికల్ టోల్ కాడ ఫాస్టాగ్‌ల బ్యాలెన్స్ ఉండి, ట్యాగ్ మంచిగ ఉండి, వాళ్ల మిషనే చదవకపోతే నువ్వు నగదు కట్టాల్సిన పనే లేదు, జీరో రసీదు ఇచ్చి ఇడిసిపెట్టాలె, లేదంటే 1033. ఇంట్ల ఎవసాయం ఉంటే యూరియా బస్తా చూస్కో, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, అంతకు పైన అడిగినా, నానో యూరియా సీసా తీసుకుంటెనే బస్తా ఇస్త అన్నా మండల వ్యవసాయ అధికారికి రాసియ్యి, ఈపాస్ మిషన్ల వచ్చిన బిల్లు అడగకుండ దుకాణం దాటొద్దు.

ఇగ కంప్లైంట్ ఎక్కడ అంటే, హోటల్, ఎమ్మార్పీ, యాప్‌లకు 1915, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులనే మాట్లాడొచ్చు. కేసు ఏసేది కాదు అది, కంపెనీకి పంపి పరిష్కారం చేపిస్తరు, పెద్ద కంపెనీలయితే తొందరగనే కదుల్తయి, లోకల్ దుకాణాల మీద అంత పని చెయ్యదు, వాటికి జిల్లా తూనికలు కొలతల ఆఫీసే మేలు. అక్కడ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, నల్లగొండల ఉన్నది, మహబూబ్‌నగర్‌ల ఉన్నది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినంక నువ్వు ఉండే జిల్లాలనే ఏయొచ్చు, కట్టిన పైసలు 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, వకీల్ అవసరం లేదు, ఈ-జాగృతి పోర్టల్‌ల ఇంటి నుంచే ఏయొచ్చు, రెండేండ్ల లోపు ఏయాలె. అయితే 40 రూపాయలకు కమిషన్ దాకా పో అని నేను చెప్ప, వాయిదాలు పడ్తయి, పని కోల్పోతవు. పది ఇరవై మంది రసీదులు జమ చేసి కలిసి పోతే దానికి బరువు ఉంటది, నీ కాలనీల సిలిండర్ పంచాయితి అయితే అట్లనే చెయ్యి.

బ్యాంక్ విషయం మాత్రం ఒక పద్ధతి ప్రకారం పోవాలె, లేకుంటే తిరగ్గొడ్తరు. రేపు బ్రాంచికి పొయ్యి 436 గురించి రెండు కాపీలు రాసి ఇయ్యి, ఒక దాని మీద ముద్ర, తారీఖు ఏపిచ్చుకో. ముద్ర ఎయ్యం అంటే బ్యాంక్ మెయిల్‌కు పంపు. 30 రోజులల్ల జవాబు రాకున్నా, వచ్చిన జవాబు నచ్చకున్నా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద కంప్లైంట్లు ఇనే అధికారి కాడికి పోవచ్చు, 14448 కు ఫోన్ చేస్తే తెలుగుల చెప్తరు, రూపాయి ఖర్చు లేదు. బ్రాంచిల ఇయ్యకుండ డైరెక్ట్ అక్కడికి పోతే మాత్రం తీసుకోరు. పాస్‌బుక్‌ల ఆ కటింగ్ పడ్డ పేజీ జిరాక్స్ జత చెయ్యి, పోయిన ఏండ్లల్ల మే, జూన్ నెలల కూడా కట్ అయినయా చూడు, అయితే అవి కూడా అదే దరఖాస్తుల రాయి. జవాబు ఏం వచ్చిందో నాకు చెప్పు, అంబుడ్స్‌మన్‌కు రాయాల్సొస్తే ఏం రాయాలో చెప్త.